చిలుక అడిగిన నాలుగో పాదం

అనగనగా మువ్వలపురానికి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ఘోరకంఠుడనే మాంత్రికుడు మందారవతి అనే రాజకుమారిని చెరపట్టాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు.

"ఇక నేను వెళతానమ్మా," అన్నాడు మూడోవాడు రత్నకేతుడు.

"నువ్వూ పోతే నాకెవరు దిక్కురా!" అంది రాణి.

"ముగ్గురం కలిసే వస్తాం."

ఒడ్డున ఒక ముసలి తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుంది. "మీ అన్నల్నీ నేనే మోశాను బాబూ. మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. అది బయటికి ఎగిరిందా, వాడు బూడిదే. ఆ పంజరానికి తాళం లేదు, పాట ఉంది. చిలుక మూడు పాదాలు పాడుతుంది. నాలుగోది అతికితే పంజరం తెరుచుకుంటుంది. అతక్కపోతే చెప్పినవాడు రాయే!"

"ఆ పాట నీకు వచ్చా తాతా?"

"కోట గోడ కింద నీళ్ళలోనే కాచుకుని ఉంటాను కదా, విని విని నోటికొచ్చింది."

కలువల కొలనున కదలెను చేప
పలుకుల చిలుకకు పండెను జామ
జలధుల నడుమన చల్లని దీవి

"మా పెద్దన్న ఏమన్నాడు?"

"'కమ్మగ వీచెను పువ్వుల తావి' అన్నాడు. దీవికి తావి కుదిరిందని మురిశాడు పాపం!"

మొదటి సముద్రం దాటేలోగా రత్నకేతుడికి మొదటి ముడి దొరికింది. చిలుక చెవి పాదం చివర లేదు, రెండో అక్షరం మీద ఉంది. కలువలో లు, పలుకులో లు, జలధిలో ల. అన్నింటా లకారమే. అన్న అక్కడ మకారం పెట్టాడు.

"మరి చిన్నన్న?"

"'కలకల నవ్విన కన్నెకు కట్టిన పూలు' అన్నాడు."

రెండో అక్షరం లకారమే! మరెందుకు రాయి అయ్యాడు? రత్నకేతుడు చిటికెలు వేశాడు. పొట్టి అక్షరానికి ఒకటి; పొడుగు అక్షరానికీ, సున్నా ఉన్నదానికీ, ఒత్తుకు ముందున్నదానికీ రెండు. చిలుక పాదాలు మూడూ పదిహేనేసి. చిన్నన్నది పందొమ్మిది. రెండో ముడి దొరికింది.

అంతటితో ఆగలేదు. లెక్క సరేనని వదిలేస్తే తనూ రాయే. మళ్ళీ పాడాడు, మళ్ళీ పాడాడు. ఏడో సముద్రంలో మూడోదీ చిక్కింది. కలువలకి కదలెను, పలుకులకి పండెను, జలధులకి చల్లని. పాదం మొదటి అక్షరానికి మూడో మాట దగ్గర దాని చుట్టం ఉండాలి. జకి చ చుట్టమేగా!

ముళ్ళు మూడూ తెలిశాయి, పాదం మాత్రం రాలేదు.

కోటలో పంజరానికి అటొక రాయి, ఇటొక రాయి. రెండూ అన్నలే. చిలుక పాట ముగించింది.

"ఏరా బుడతడా, మూడో రాయికి చోటు చూపించనా?" అని నవ్వాడు ఘోరకంఠుడు. "మూడు చప్పట్లు కొడతాను. ఒకటి!"

రత్నకేతుడు పెద్దన్న వైపు చూశాడు.

"రెండు!"

చిన్నన్న వైపు చూశాడు. గొంతులో మాట దానంతటదే లేచింది. వేళ్ళు పదిహేను చిటికెలు వేశాయి.

"తలుపులు తెరువుము తమ్ముడ నేను!"

పంజరం తెరుచుకుంది. చిలుక తుర్రుమంది. మూడోసారి చప్పట్లకి ఎత్తిన చేతులతోనే మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు.

రాళ్ళు కదిలాయి. "నా తావికి ఏం తక్కువట?" అన్నాడు పెద్దన్న కళ్ళు నులుముకుంటూ.

"రా అన్నా, దారిలో చెబుతాను," అని తమ్ముడు వాణ్ణి కావలించుకున్నాడు.

చెర వీడి వచ్చిన మందారవతి ఫక్కున నవ్వింది. "ఏడు సముద్రాలుందిగా దారి, చాలుతుందా?"

ఆమెకీ రత్నకేతుడికీ మువ్వలపురంలో పెళ్ళి జరిగింది. రాణి ముగ్గురు కొడుకులకూ ఒకే పళ్ళెంలో అన్నం కలిపి పెట్టింది. ఆ దంపతులు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. విన్న మీరూ చల్లగా ఉండండి!