చిలక పంతులు చెప్పిన ఇంగ్లీషు, బొల్లిపెట్ట నేర్పిన ఇంగ్లీషు

మామిడితోట కాపలాకు పట్నం నుంచి జిమ్మీ అనే కుక్క దిగింది. దానికి తెలుగు ముక్క రాదు. అరిచినా ఇంగ్లీషే. ఆజ్ఞ ఇంగ్లీషులో పడితే, ఎవరి నోట పడిందని కూడా చూడకుండా చేసేస్తుంది. పడకపోతే పిడుగు పడ్డా కూర్చున్నచోటు నుంచి లేవదు. పట్నపు చదువు మరి.

ఆ తోటలోనే బొల్లిపెట్ట అనే కోడి కాపురం. పిల్లలు బతకాలంటే కుక్క అరుపులకు అర్థం తెలియాలని దానికి త్వరగానే తెలిసొచ్చింది. తనకేమో నోరు తిరగదు. పిల్లల్ని తీసుకెళ్లి చిలక పంతులు దగ్గర చదువుకు వేసింది. కుక్కకు దగ్గర్లో బడి పెడితే పంతులు పలికిన ప్రతి మాటకూ అది గెంతులేస్తోందని, తోట చివరి జామచెట్టు కిందికి మార్చారు.

"రన్ అంటే పరుగెత్తు. హైడ్ అంటే దాక్కో. క్యాచ్ అంటే పట్టుకో." పిల్లలు రెక్కలు ముడుచుకుని గొంతు కలుపుతుంటే తల్లికి కడుపు నిండిపోయేది. కంచె అవతల పొదలో కూర్చుని నక్క కూడా వినేది. ఊరికే వచ్చే చదువు, ఎందుకు వదులుకుంటుంది?

ఒకనాడు గద్ద దిగింది. కుక్క చూసి "రన్" అని అరిచింది. పిల్లలన్నీ బారుగా నిలబడి, రెక్కలు ముడుచుకుని, "రన్ అంటే పరుగెత్తు" అని ముద్దుగా ఒప్పజెప్పాయి. గద్ద చివరిదాన్ని తన్నుకుపోయింది.

ఆ పూట బొల్లిపెట్ట గింజ ముట్టలేదు. కుమిలికుమిలి ఏడ్చింది. ఏడ్చి, లేచి, జామచెట్టు కిందికి నడిచింది.

"పంతులుగారూ, రేపట్నుంచి మాట మీరు అనండి. అర్థం నేను చెబుతాను."

"నీకు నోరు తిరగదు కదమ్మా."

"తిరగకపోతే పోనీండి, కాళ్లున్నాయి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"కాలింది ఒక వేలు. తక్కినవి నావి కావా?"

మర్నాటి నుంచి పంతులు "రన్" అనగానే తల్లే ముందు పరుగెత్తేది. "హైడ్" అంటే గడ్డివాములో దూరేది. పరుగెత్తిన పిల్లకు పురుగు, నిలబడి ఒప్పజెప్పిన పిల్లకు ముక్కుతో ఒక పోటు.

"పాఠమంతా వచ్చుగా అమ్మా," అని ఒక పిల్ల గునిసింది.

"నోటికి వచ్చింది. కాలికి రాలేదు. మళ్లీ."

ఎండైనా వానైనా, మళ్లీ అంటే మళ్లీనే.

తోట యజమాని సంతకు, చిలక పక్కతోటకు పోయిన వేళ చూసి నక్క కంచె దూరింది. గడ్డివాముకు పోయే దారికి అడ్డంగా నిలబడింది. కుక్క ఉన్నచోటు నుంచే అరుస్తోంది. దూకమనేవాళ్లు లేరు. పిల్లల కీచుగొంతు దాని చెవికి ఆనదు. బొల్లిపెట్ట కాలు మాత్రం వెనక్కి వేయలేదు.

"నక్క బావా, ఎటూ తినే పోతావు. ఇవాళ పంతులుగారు లేరు, పిల్లలకు పాఠం లేదు. పొద వెనక నీ తోక ఎన్నిసార్లు చూడలేదు? పంతులుగారికన్నా నీ పలుకే బాగుంటుందట. ఒక్కసారి గట్టిగా చెప్పిపోరాదా?"

"చిలకదేముంది మరదలా, ముక్కుతో పలుకుతుంది. అసలైన పలుకు నాది. వినండి," అంటూ నక్క మెడ ఎత్తి, కళ్లు మూసుకుని రాగం అందుకుంది.

"రన్ అంటే పరుగెత్తు." పిల్లలు దాని పక్కనుంచే తుర్రుమన్నాయి. ఆజ్ఞ పడింది కదా, కుక్క కూడా పరుగెత్తుకొచ్చింది.

"హైడ్ అంటే దాక్కో." పిల్లలు గడ్డివాములో దూరాయి. కుక్క వాము వెనక నక్కింది.

"క్యాచ్ అంటే..."

అర్థం చెప్పే అవసరం లేకపోయింది. కుక్క దాని వెనక కాలు పట్టేసింది.

"వదలమను మరదలా," అని నక్క మొత్తుకుంది.

"నాకు నోరు తిరగదు బావా. నీకు ఇంగ్లీషు వచ్చుగా, నువ్వే చెప్పు."

నక్క కాలు గుంజి చూసింది.

"ఆ పాఠం రోజు నేను రాలేదు," అంది ఏడుపు గొంతుతో.

నోటికొచ్చిన చదువు గొప్పలకు, కాలికొచ్చిన చదువు ప్రాణానికి.