తస్నీమ్ కత్తి ఆపిన చోటు

డాక్టర్ తస్నీమ్‌కి ఒళ్ళు మండిపోయింది. అన్నీ సిద్ధం చేసి ఇచ్చినా పెద్దసారు ఆపరేషన్‌కి తేదీ ఇవ్వడంలేదు మరి.

పెద్దసారంటే మా పరాంకుశం గారు. మెదడు ఆపరేషన్లలో ఆయనకి ఆయనే సాటి. ఎవరేమనుకున్నా సరే, నేనింతే అంటాను. ఆయన థియేటర్లో నర్సుగానే నా తల నెరిసింది. తస్నీమ్ ఆయన శిష్యురాలు. పిల్ల చెయ్యి బంగారం. ఆ సంగతి పిల్లకీ తెలుసు, అదే చిక్కు.

రోగి పేరు సక్రీబాయి, తండా నుంచి వచ్చింది. మూర్ఛ. ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. ఒకసారి పొయ్యి మీద పడి చెయ్యి కాలింది. ఇంకోసారి కొడుకుని ఎత్తుకునే పడిపోయింది. అప్పట్నించీ వాణ్ణి ఎత్తుకోవాలంటేనే వణికిపోతోంది, పాపం.

“మూర్ఛ పుట్టే చోటు దొరికింది సార్. మాట పలికించే భాగం పక్కనే ఉంది గానీ దానికేం కాదు. బొమ్మల పేర్లు చెప్పిస్తూ స్కాన్ తీశాను. మొత్తం తీసేయొచ్చు,” అంది తస్నీమ్.

సారు రిపోర్టు తీసుకుని వార్డుకి నడిచారు. మేమిద్దరం వెనకాలే. సక్రీబాయి మంచం మీద ఆడుకుంటున్న పిల్లాడి చేతికి ఆ రిపోర్టూ, తన పెన్నూ ఇచ్చారు. ఇంకేముంది, వాడు బరబరా గీసి పారేశాడు.

సక్రీబాయి కంగారుగా కాగితాలు లాక్కుని వాణ్ణి లంబాడీలో దులిపేసింది.

“ఏమంటోందమ్మా?” అన్నారు సారు.

“తెలీదు సార్,” అంది తస్నీమ్.

“స్కాన్‌లో పేర్లు ఏ భాషలో చెప్పించావు?”

“తెలుగులో. ఆవిడ తెలుగు బాగా మాట్లాడుతుంది సార్!”

“నువ్వూ బాగా మాట్లాడతావు. మీ అమ్మ నిన్ను ఏ భాషలో తిడుతుంది?”

“ఉర్దూలో,” అంది తస్నీమ్, నేలచూపులు చూస్తూ.

ఆ రోజే తస్నీమ్ వెళ్ళి, వార్డులో తోడుగా ఉన్న సక్రీబాయి అత్తగారి పక్కన చేరింది. బొమ్మలన్నిటికీ లంబాడీ పేర్లు నేర్చుకుంది. తను పలికే తీరుకి ముసలావిడ పడీపడీ నవ్వినా సిగ్గుపడలేదు. తేదీ మళ్ళీ అడగలేదు, సారే ఇచ్చారు.

ఆపరేషన్ బల్ల మీద సక్రీబాయి మెలకువగానే ఉంది. మాట ఎక్కడుందో చూడాలంటే అంతే మరి, మెదడుకి నొప్పి తెలియదు. తస్నీమ్ ఒక్కోచోట సన్నగా కరెంటు తగిలిస్తోంది. తగిలినంతసేపూ ఆ చోటు పనిచేయదు. ఎదురుగా బొమ్మలు మారుతున్నాయి.

తల్లీబిడ్డల బొమ్మ వచ్చింది. కరెంటు తగులుతున్నా తెలుగులో “అమ్మ,” అంది సక్రీబాయి టక్కున. లంబాడీలో అడిగితే “యాడి” అనాలి. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కరెంటు తీయగానే “యాడి, యాడి” అంది.

తీసేద్దామనుకున్న ముక్కలోనే ఉంది ఆ చోటు! స్కాన్‌ని నమ్ముకుని ఉంటే కొడుకుని తన భాషలో తిట్టడానికి కూడా సక్రీబాయికి మాట మిగిలేది కాదు.

తస్నీమ్ కత్తి పక్కన పెట్టింది. “ఇది వదిలేస్తాను సార్. దీని ఇవతలవరకే తీస్తాను. మూర్ఛ పూర్తిగా పోకపోవచ్చు. మళ్ళీ వస్తే ఛాతీలో అమర్చే చిన్న యంత్రం ఉంది, అది చూద్దాం. ఇలా కావచ్చని తనకి ముందే చెప్పాను, ఒప్పుకుంది.”

తీయడం ఎవరికైనా వస్తుంది, వదలడం ఈ పిల్లకి వచ్చింది. కన్నకూతుర్ని చూసినంత గర్వంగా అనిపించింది నాకు.

శిష్యుల చేతిలో కత్తి ఉండగా పెద్దసారు గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. ఆయన చేతి తొడుగులు విప్పేశారు.

“కానివ్వండి డాక్టర్ గారూ. నేను బయట వాళ్ళత్తగారి దగ్గర కూర్చుంటాను,” అన్నారు.