పేరిందేవి దిద్దిన వార్త

సముద్రానికి దగ్గర్లోని ఒక పర్యావరణ పరిశోధనశాలలో వార్తలు రాసే పేరిందేవికి, ఉన్న విషయాన్ని ఉన్నట్టు చెప్పడం బొత్తిగా చేతకాదు.

మనిషి మంచిది. పనిలో హుషారు. పరిశోధనశాల నెలనెలా అచ్చువేసే నాలుగు పేజీల పత్రిక రాసేది ఆవిడే, చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళ్లి పంచేదీ ఆవిడే. బళ్లో పిల్లలకు కాలుష్యం గురించి చెప్పినా, అరుగుల మీద ఆడవాళ్లకు చెప్పినా అందరూ నోరు తెరుచుకుని వినేవాళ్లు. కాకపోతే ఆవిడ కలం పడితే చాలు, చినుకు తుఫాను అయిపోయేది. పరిశోధనశాల చూడ్డానికి ముప్పై మంది పిల్లలు వస్తే "జనసముద్రం" అని రాసేది. కాలవ గట్టున రెండు కొంగలు వాలితే "పక్షుల పండగ" అని రాసేది.

నీళ్ల పరీక్షలు చేసే రెబెకా నెత్తి కొట్టుకునేది.

"మేడమ్, నేను చూసినవి రెండే కొంగలండీ!"

"రెండు కొంగలంటే ఎవరు చదువుతారమ్మా? వార్తకి కాస్త ఉప్పూ కారం పడాలి" అని పేరిందేవి నవ్వేసేది.

ఒకరోజు సాయంత్రం పత్రిక అచ్చుకు వెళ్లబోతుండగా రెబెకా ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. ఉప్పుమెరక అనే ఊళ్లో ఆరు బోరింగులు ఉన్నాయి. ఆ ఊరివాళ్లు, మంచివో కావో తెలీక, వాటి నీళ్లు వాడకానికే వాడుకుని, తాగడానికి మాత్రం రెండు కిలోమీటర్ల అవతలి మంచినీళ్ల చెరువు నుంచి బిందెలతో తెచ్చుకునేవాళ్లు.

"బడి దగ్గర బోరింగు నీళ్లు తాగడానికి పనికొస్తాయండీ. మిగతా ఐదింటి సంగతి ఇంకో వారానికి గానీ తెలీదు" అని చెప్పి రెబెకా వెళ్లిపోయింది.

పేరిందేవి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక బోరింగు, ఒక బడి. ఇందులో వార్త ఏముంది? మిగతావి మాత్రం బాగుండకేం చేస్తాయి, అదే ఊరు, అదే నేల కదా అనుకుంది. మొదటి పేజీలో అరచెయ్యంత అక్షరాలతో ఇలా రాసింది: "ఉప్పుమెరక నీళ్లు కొబ్బరినీళ్లే!"

మర్నాడు ఆ పత్రిక ఉప్పుమెరకలో చేతులు మారింది. ఆడవాళ్ల ఆనందం అంతా ఇంతా కాదు. చెరువు దారి పట్టాల్సిన బిందెలు ఇంటి ముందు బోరింగుల దగ్గరే ఆగిపోయాయి. పరిశోధనశాల వాళ్లే చెప్పాక ఇంక అనుమానం ఎందుకు?

వారం తిరిగేసరికి మిగతా ఫలితాలు వచ్చాయి. ఐదింటిలో రెండు బోరింగుల్లోకి మరుగుదొడ్ల మురుగు చేరుతోంది. రెబెకా ఆ సంగతి చెబుతుండగానే ఉప్పుమెరక ఆరోగ్య కేంద్రం నర్సు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఊళ్లో పద్నాలుగు మందికి వాంతులూ విరేచనాలూ. ప్రాణాలకేమీ భయం లేదుగానీ, పిల్లలు బాగా నీరసించారు.

పేరిందేవి చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. లేచి నేరుగా డైరెక్టరు నరహరి గారి గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ రెండు బోరింగులకీ ఇప్పుడే తాళం వేయిద్దాం. పత్రికలో మాత్రం వచ్చే నెల ఆఖరి పేజీలో చిన్న సవరణ వేస్తే సరిపోతుంది. మన పరువు కూడా చూసుకోవాలి కదమ్మా."

"అంత పెద్ద అక్షరాలతో రాసిన తప్పు, చిన్న అక్షరాలతో ఎలా పోతుంది సార్? పైగా వచ్చే నెల దాకా వాళ్లు మిగతా నీళ్లని కూడా అనుమానించాలో, నమ్మాలో తెలీక కూర్చోవాలా?" అంది పేరిందేవి. "నన్ను వెళ్లనివ్వండి."

నరహరి గారు కళ్లజోడు పెట్టుకుని ఆవిడ మొహం చూశాడు. "వెళ్లు" అన్నాడు.

ఒక ఆటోకి మైకు కట్టించుకుని పేరిందేవి ఉప్పుమెరక చేరింది. మొదటి వీధి మొదట్లో ఆటో ఆపించి మైకు అందుకుంది. ఎన్ని సభల్లో మాట్లాడిందో! ఏనాడూ తన తప్పు చెప్పుకోవడానికి మైకు పట్టలేదు.

"నా పేరు పేరిందేవి. మీ నీళ్లు కొబ్బరినీళ్లని రాసింది నేనే. అది తప్పు. అప్పటికి పరీక్ష చేసింది బడి దగ్గర బోరింగు ఒక్కటే. మిగతావి చూడకుండానే రాశాను. తాళం వేసిన రెండు బోరింగుల నీళ్లు తాగొద్దు. మిగతా నాలుగూ బాగున్నాయి. మీకు జబ్బు చేసింది నా వల్లే. నన్ను క్షమించండి."

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగాడు. "అంతేనా మేడమ్ గారండీ?"

"అంతే. పక్క వీధికి పోనీ."

అలా ఊళ్లో ప్రతి వీధిలోనూ అవే మాటలు చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. నాలుగో వీధిలో ఇడ్లీలు అమ్మే నూకాలమ్మ ఆటోకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నా మనవరాలు మూడు రోజులు మంచం దిగలేదు తెలుసా? చదువుకున్నదానివి, చూడకుండా ఎలా రాశావమ్మా? రాసే చేతికి బరువుండక్కర్లేదా?"

పేరిందేవి ఆటో దిగి ఆ చివాట్లన్నీ తలొంచుకుని విన్నది. చాలాసేపటికి నూకాలమ్మకి ఆయాసం వచ్చింది.

"సర్లే. ఎండలో ఎంతసేపు నిలబడతావు? నీడకి రా. మంచినీళ్లు ఇవ్వనా?"

పేరిందేవి నెమ్మదిగా తలెత్తింది. "ఏ బోరింగువండీ?"

నూకాలమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వేసింది. చుట్టూ మూగిన వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుల మధ్య పేరిందేవి కళ్లు తుడుచుకుంది.

తర్వాతి నెల పత్రిక మొదటి పేజీలో, పైనే, "మేం చేసిన తప్పు" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. అప్పటి నుంచి ఏ వార్త రాసినా ముందు రెబెకాకి చూపించేది. పత్రికలో తళుకులు తగ్గాయి. చిత్రంగా, చదివేవాళ్లు మాత్రం పెరిగారు.

వానాకాలంలో పెద్ద వరద వచ్చి, కాలవ పొంగి, తాళం వేసిన బోరింగుల వీధులవాళ్లు మళ్లీ తాగుతున్న మంచినీళ్ల చెరువులో కలిసింది. నాలుగు రోజులకు నీళ్లు తేరుకుని అద్దంలా కనిపించాయి. అయినా పరీక్షలో చెడ్డవని తేలింది. పేరిందేవి మళ్లీ ఆటో ఎక్కి, తిరిగి చెప్పేదాకా చెరువు నీళ్లు ముట్టుకోవద్దని ఊరూరా చాటింది.

"ఇంత తేటగా ఉంటే చెడ్డవంటారేంటండీ? ఆవిడ మాట నమ్మి ఓసారి మంచాన పడ్డాం కదా" అన్నాడొకాయన ఉప్పుమెరకలో.

నూకాలమ్మ ఇడ్లీ పాత్ర దించి నడుం మీద చెయ్యి వేసుకుంది. "తన తప్పు తనే మైకులో చెప్పుకున్న మనిషయ్యా ఆవిడ! చెరువు గురించి అబద్ధం చెబుతుందా? తాగితే నువ్వు తాగు. మా వీధిలో బిందె చెరువుకి కదలదు."

ఆయనా తాగలేదు. పరీక్షలో చెరువు నీళ్లు బాగుపడ్డాయని తేలేదాకా ఊరంతా, వరద తర్వాత కూడా పరీక్షలో బాగున్న నాలుగు బోరింగుల నీళ్లతోనే గడిపింది. ఆ వరదల్లో ఉప్పుమెరకలో ఒక్కరికి కూడా జబ్బు చేయలేదు.

నీతి: ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. పొరపాటున తప్పు చెబితే, ఎంత గట్టిగా చెప్పామో అంత గట్టిగానే దాన్ని దిద్దుకోవాలి. తన తప్పు తాను ఒప్పుకున్న మనిషి మాటనే జనం నమ్ముతారు.