అంకుడు కప్ప

బంగారయ్య గురువుగారిది ఒక అలవాటు. ఎవరేం అడిగినా ముందు చేతికో పని పెడతారు. కర్రబొమ్మలు చెక్కి బతికిన మనిషి కదా, ఉత్త నోటిమాటంటే ఆయనకు గిట్టదు.

ఒకనాడు శిష్యుడు తవిటినాయుడు పొద్దున్నే వచ్చి కూలబడ్డాడు. మేనమామ కూతురు వరాలంటే అతనికి ప్రాణం. ఆ పిల్లేమో, "బావా! పెళ్ళో, సన్యాసమో సాయంత్రంలోగా తేల్చు. లేదా ఇంకో సంబంధానికి ఊఁ అనేస్తాను" అని కబురంపింది.

"స్వామీ, సంసారంలో దిగితే మునిగిపోతానేమోనని భయం. మానుకుందామంటే మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"గెడ్డ మడుగులో కొర్రమీనుంది. దానికి ఎరగా చెక్కకప్ప కావాలి. నీటిమీద తేలాలి సుమా! నువ్వొకటి చెయ్యి, నేనొకటి చేస్తాను. కర్ర నువ్వే ఏరుకో" అన్నారు గురువుగారు.

తవిటినాయుడు కొట్టమంతా వెతికి జీలుగుబెండు పట్టుకున్నాడు. బెండు నీటికి లొంగదు, అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు పాపం! గురువుగారు తాను బొమ్మలు చెక్కే అంకుడు కర్ర తీసుకున్నారు. "అది సగం మునుగుతుంది స్వామీ" అని శిష్యుడు జాలిపడ్డాడు కూడా.

కడుపుకింద గేలాలు కట్టి రెండింటినీ మడుగులో వేశారు. బెండుకప్ప దర్జాగా తేలింది. తేలి ఏం లాభం? దారం లాగితే వెల్లకిలా దొర్లింది, చిరుగాలికే కొట్టుకుపోయి తుంగలో చిక్కుకుంది. కొర్రమీను దానివంక కన్నెత్తి చూడలేదు. అంకుడు కప్ప నడుందాకా నీళ్ళలో కూర్చుంది. గురువుగారు దారం కాస్త గుంజేసరికి బుడుంగు బుడుంగుమంటూ ఈదింది. అంతే, నీళ్ళు భళ్ళున లేచాయి!

"పట్టింది స్వామీ, పట్టింది!" అని తవిటినాయుడు గంతులేశాడు. అంతలో చేప ఒక్క గుంజు గుంజితే గేలపు కర్ర ముసలాయన చేతిలోంచి జారిపోయింది. తవిటినాయుడు వెనకాముందూ చూడలేదు, కట్టుకున్న పంచెతోనే దూకేశాడు. కాసేపు పెనుగులాడి, మొహమంతా బురదతో, గిలగిలలాడే కొర్రమీనుని గుండెకి అదుముకుని మెడలోతు నీళ్ళలో నిలబడ్డాడు. పకపకా ఒకటే నవ్వు! ఆ మొహంలో అంత సంతోషం ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు.

గట్టుమీద గురువుగారికీ నవ్వాగలేదు.

"మెడదాకా దిగావే నాయనా! భయమెక్కడ పెట్టావు?" అన్నారు.