పక్కవాడికి ఊపిరి

దేవుడు ఊరందరికీ తలా కాస్త తెలివి పంచి, మిగిలిందంతా ఒక్క ఇంట్లోనే గుమ్మరించాడనీ, ఆ ఇల్లు తమదేననీ మసేనుకి గట్టి నమ్మకం. తమ్ముడు నూకన్నకి ఇంకా గట్టి నమ్మకం, అన్న చెప్పాడు కాబట్టి. అంతటి తెలివైన అన్నదమ్ముల పడవ ఇంజను ఊడి సముద్రంలో పడింది. రేపటితో వేట నిషేధం తీరిపోతుంది, ఎల్లుండి పడవలన్నీ కదులుతాయి. ఇంజను లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మసేనుకి నిజంగానే దిగులేసింది.

"లోతు పెద్దగా లేదురా. గాలి సిలిండరు నాను ఎవరినైనా అడిగి తెత్తాను. నీళ్ళలో గాలి పీల్చే రెగ్యులేటరు ఒకటి కొందాం" అన్నాడు. ఇంకేముంది, ఇద్దరూ పట్నంలో డైవింగు సామాన్ల కొట్టుకి పోయారు.

కొట్టాయన రెండు రెగ్యులేటర్లు ముందు పెట్టాడు. "ఇది చన్నీళ్ళకి, ఇది మామూలు నీళ్ళకి. మీకు ఏ నీళ్ళు?"

మసేను కాసేపు ఆలోచించాడు. "మా అమ్మకి తప్ప ఇంటిల్లిపాదికీ సన్నీళ్ళ తానమేనండి."

అంతే, చన్నీళ్ళది ఖాయమైంది.

"దీనికి జతగా అదే కంపెనీది ఇంకోటి ఉండాలి బాబూ. ఇదిగో, ఈ పసుపు గొట్టంది. ఇది మీక్కాదు, పక్కవాడికి ఊపిరాడకపోతే అందించడానికి" అన్నాడు కొట్టాయన.

మసేను నివ్వెరపోయాడు. పక్కింటి గవరయ్యకి ఇరవై ఏళ్ళుగా ఆయాసం. ఆ సంగతి ఈయనకెలా తెలిసింది? తమకి ఇన్నాళ్ళూ తోచనందుకు సిగ్గుతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"మెత్తటిది ఇవ్వండి బాబూ. మా గవరయ్య మావకి పళ్ళు లేవు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పసుపు గొట్టం గవరయ్యకి ఇవ్వబోతే, రెండు గొట్టాలూ అడిగి తెచ్చిన ఒకే సిలిండరుకి బిగించి ఉన్నాయి. పసుపుది చూస్తే రెండు మూరలు. సముద్రం నుంచి గవరయ్య మంచం దాకా ఎలా వస్తుంది? అంతే, మంచంతో సహా గవరయ్యని పడవలోకి ఎత్తి, తెడ్లు వేసుకుంటూ పోయారు.

మసేను ఒక తాడు తమ్ముడికిచ్చి, "ఇంజను కనబడితే గట్టిగా కట్టరా. మళ్ళీ పోయిందంటే మనం బతకం" అన్నాడు.

నూకన్న సిలిండరు వీపుకి తగిలించుకుని దూకాడు. ఇంకేముంది, పసుపు గొట్టాన్ని చిగుళ్ళతో బిగించి పట్టుకున్న గవరయ్య మంచం మీంచి అలాగే నీళ్ళలోకి జారిపోయాడు. మసేను పైన కూచుని బుడగలు లెక్కపెట్టాడు. లెక్క తప్పినప్పుడల్లా మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

చాలాసేపటికి ఇద్దరూ తేలారు.

"ఇన్నేళ్ళకి కడుపునిండా ఊపిరి పీల్చానురా. రేపు కూడా తీసుకెళ్ళండి" అన్నాడు గవరయ్య, పడవ ఎక్కుతూనే.

"ఇంజనేదిరా?" అన్నాడు మసేను.

"దొరికిందన్నా. కట్టేశాను."

పడవలో ఎక్కడా తాడు కొస కనబడలేదు. "దేనికి కట్టావు?"

"కింద ఇంత పెద్ద బండుంది. దానికి ఏడు ముడులేశాను. ఇంక పది మందొచ్చి లాగినా మన ఇంజను కదల్దు."

మసేను తమ్ముణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరికీ దిగులు లేదు.

మర్నాడు ఊళ్ళో పడవలన్నీ వేటకి కదిలాయి. ఒక్కో ఇంజనూ పడవ వెనక వేలాడుతూ, ఊగుతూ పోతుంటే మసేను ఒడ్డున నిలబడి చూశాడు. అతనికి చాలా జాలేసింది.

"పాపం, ఒక్కడూ బండకి కట్టుకోలేదురా" అన్నాడు.