నాలుగు ద్వారాల తాళ్ళు

పూర్వం ఒక కోటలో నాలుగు ద్వారాల నుంచీ నాలుగు తాళ్ళు గంటల గదిలోకి వచ్చేవి. శత్రువు ఏ ద్వారం దగ్గర కనిపిస్తే అక్కడి కాపలావాడు తాడు లాగేవాడు, ఆ ద్వారం గంట మోగేది. తాళ్ళు పేనే సూరమ్మ వాటిని విడివిడిగా, కాస్త వదులుగా కట్టింది. సేనను నడిపే కొత్త దళవాయికి అది నచ్చలేదు.

"అన్నీ కలిపి చీపురుకట్టలా బిగించాను, చూడండి ప్రభూ!" అన్నాడు రాజుతో.

"కోట పోతుంది మహాప్రభూ" అంది సూరమ్మ.

"నోర్ముయ్! అది రుజువు చెయ్యకపోతే నీ చేతులు నరికిస్తాను" అన్నాడు దళవాయి.

"అలాగే దొరా. నేనొక ద్వారం దగ్గర తాడు లాగుతాను. ఏ ద్వారమో మీరు ఈ గంటల గదిలోంచే చెప్పండి."

సూరమ్మ వెళ్ళిన కాసేపటికి నాలుగు గంటలూ ఒక్కసారే మోగాయి.

"తూర్పు... కాదు, ఉత్తరం!" దళవాయి ఒక్కో గంట వైపూ తిరిగాడు. అతను ఇంకా తేల్చుకోకముందే సూరమ్మ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది.

"పడమర, దొరా. ముసలిదాన్ని, నడిచి వచ్చాను. శత్రువైతే గుర్రం మీద వచ్చేవాడు."

రాజు ఆ కట్టును దళవాయి చేతే విప్పించాడు.