దీపాలు పెట్టాక అడిగిన మురికి

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దున్న సరిగ్గా ఆరుంపావుకి, పేరిందేవమ్మ అనే ఆవిడ కుళాయి కింద చేపల తొట్టి తోముతోంది. వింటున్నావా, అమ్మలూ? మంచినీళ్ళ బిందె తోమినట్టే ఆ తొట్టినీ రోజూ తోమేది. నిలవ నీళ్ళంటే ఆవిడకి పడదు.

తొట్టి ఆవిడ మనవరాలు వైదేహిది. కొత్తది. అందులో మూడు గప్పీ చేపలు. ఫిల్టరులో ఒక స్పాంజి ముక్క ఉంటే, పేరిందేవమ్మ దాన్ని కూడా పిండి పిండి తెల్లగా చేసి పెట్టేది.

అప్పుడు ఒక చేప చచ్చిపోయింది. శుభ్రం చాల్లేదనుకుని ఆవిడ రెండు పూటలా తోమింది. ఆ తర్వాత రెండోదీ పోయింది. అప్పుడు స్పాంజిని వేడినీళ్ళలో మరిగించింది. ఆ సాయంత్రం మూడో చేప నీళ్ళ పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగశ్వాస తీయడం మొదలెట్టింది.

పై వాటాలో అచ్చియ్యమ్మగారికీ ఒక తొట్టి ఉంది. అద్దాలకి పాచి, లోపల నాచు, చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. అదెలాగో తెలుసుకోవాలని వైదేహి ఏడుస్తూనే మెట్లెక్కింది. వెనకాలే పేరిందేవమ్మ.

అప్పుడు అచ్చియ్యమ్మ చెప్పింది. చేపలు ఉన్న నీళ్ళలోనే దొడ్డికి వెళతాయి, అది విషమవుతుంది. కంటికి కనపడని జీవాలు కొన్ని ఆ విషాన్ని తింటాయి. అవి వదిలేదీ విషమే. దాన్ని ఇంకో రకం జీవాలు తింటాయి. అవి వదిలేది మాత్రం చేపని అంతగా బాధించదు, నాచుకి ఎరువవుతుంది. ఇవన్నీ స్పాంజి మురికిలోనే కాపురముంటాయి. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు కదా, దాంతో కడిగితే చస్తాయి.

"అవి వాటంతటవి రావాలంటే వారాలు పడుతుంది వదినగారూ. పాలల్లో తోడు వేసినట్టు, నా స్పాంజిలో ముక్క మీ దాంట్లో పెడితే సరి."

వైదేహి చెయ్యి చాపింది. అచ్చియ్యమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. చీకటి పడింది, దీపాలు పెట్టేశారు. దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు, తోడు, ఈ మూడూ ఆవిడ ఇంటి గడప దాటవు.

"ఇది ఉత్త మురికే కదా మామ్మగారూ."

"చేసే పని తోడు పనే కదమ్మా."

పేరిందేవమ్మ ఇంట్లోనూ అదే పద్ధతి. ఆవిడ కూడా తలూపింది. పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తెల్లారేదాకా చేప ఆగదు.

పేరిందేవమ్మ కాసేపు ఆలోచించింది. "తోడు బయటికి రాకూడదు గాని, చుట్టం లోపలికి రావచ్చుగా వదినగారూ?"

రావచ్చు. చుట్టానికి వేళాపాళా ఏముంది?

అప్పుడు వైదేహి చేపని గిన్నెలో పెట్టుకుని మళ్ళీ మెట్లెక్కింది. పైనున్న తొట్టి నీళ్ళు గిన్నెలోకి కొంచెం కొంచెంగా పోసి, అలవాటు చేసి, వదిలారు. కాసేపటికి చేప నోరు మూసుకుని కిందికి దిగి, నాచులోకి దూరింది.

తెల్లారాక స్పాంజి ముక్క కిందికొచ్చింది, నల్లగా, జిగటగా. కుళాయి మందు పోయేలా రాత్రంతా బకెట్లో నిలవబెట్టిన నీళ్ళు తొట్టిలో పోశారు. ముక్కని ఫిల్టరులో పెట్టారు. ఆ తర్వాత చేపని వదిలారు. పేరిందేవమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ రోజు తోమలేదు, మర్నాడూ తోమలేదు. చేప తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అచ్చియ్యమ్మ వాళ్ళని పైకి పిలిచింది. ఆవిడ తొట్టిలో గప్పీలు ఎప్పుడూ లేవు. ఇప్పుడు నాచు మధ్యలో కనురెప్ప వెంట్రుకంత గప్పీ పిల్లలు ఈదుతున్నాయి. వైదేహి చేప ఆ ఒక్క రాత్రిలో అక్కడ పురుడు పోసుకుని వచ్చిందన్నమాట.

చేప పిల్ల నీళ్ళల్లోకి,
నిద్రమ్మ నీ కళ్ళల్లోకి,
కథ వెళ్ళె కంచిలోకి,
మనమొచ్చాం ఇంటిలోకి.